చెరువడుగు గ్యాస్‌ను సీసాలో పట్టి చూడటం ఎలా

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు గట్ల మీద "అడుగున గ్యాస్ పట్టింది" అన్న మాట సీజనుకు పదిసార్లు వినబడుతుంది. ఆ ఒక్క మాటలో అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, పులిసిన ఆమ్లాలు, అమీన్లు (అమైనో ఆమ్లాలు విరిగితే వచ్చే నత్రజని పదార్థాలు) అన్నీ కలిసిపోయి ఉంటాయి. వీటిలో చాలా భాగానికి మూలం మేతలోని ప్రోటీన్. 35 శాతం ప్రోటీన్ ఉన్న మేత 100 కిలోలు వేస్తే చెరువులోకి 5.6 కిలోల నత్రజని దిగినట్టు. రొయ్య ఒంటికి పట్టేది అందులో సుమారు పావు వంతు. మిగతా నాలుగు కిలోల చిల్లర బాక్టీరియా చేతిలో పడుతుంది. అది ఏమవుతుందన్నది ఆ బాక్టీరియాకు ఆక్సిజన్ అందుతోందా లేదా అన్నదాని మీద ఉంటుంది.

దీన్ని కళ్లతో చూడటానికి ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. మొదటిదానికి ల్యాబు అక్కర్లేదు, నాలుగు సీసాలు చాలు. రెండోది ఆక్వా ల్యాబుల్లో పనిచేసేవాళ్లకీ, మైక్రోబయాలజీ చదివేవాళ్లకీ.

నాలుగు సీసాల పద్ధతి

కావలసినవి: లీటరు మంచినీళ్ల ప్లాస్టిక్ సీసాలు నాలుగు, రెండు గొట్టాలున్న అక్వేరియం పంపు, రెండు ఎయిర్ స్టోన్లు (గాలిని సన్న బుడగలుగా వదిలే రాళ్లు), పెప్టోన్, బెల్లం, అమ్మోనియా టెస్ట్ కిట్, పీహెచ్ మీటరు, లెడ్ ఎసిటేట్ కాగితం (హైడ్రోజన్ సల్ఫైడ్ తగిలితే నల్లబడేది), సిరంజి, ఫిల్టర్ పేపరు. అమ్మోనియా కిట్ సాలిసిలేట్ రకమైతే మంచిది. నెస్లర్ రియాజెంటులో పాదరసం ఉంటుంది. పైగా ఉప్పునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో తెల్లగా విరిగిపోయి రంగు సరిగ్గా కనబడదు.

బురద ఎక్కడ పడితే అక్కడ తీయొద్దు. ఏరేటర్ల సుడికి మేత ముక్కలు, పెంట చేరే చోటు ప్రతి చెరువుకూ ఒకటుంటుంది, ఎక్కువగా నడిమధ్యన. అక్కడ పై 2 సెంటీమీటర్ల పొర మాత్రం తీసి, నత్తగుల్లలు ఏరేయండి. నాలుగు సీసాల్లోనూ అదే చెరువు నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో 10 గ్రాముల బురద, 0.3 గ్రాముల పెప్టోన్ వేయండి. పెప్టోన్ అంటే ముందే ముక్కలైన ప్రోటీన్. దానిలో సుమారు 15 శాతం నత్రజని. అంటే సీసాకు 45 మిల్లీగ్రాములు.

సీసాలకు అ, ఆ, ఇ, ఈ అని పేర్లు రాయండి. 'అ'లో ఎయిర్ స్టోన్ వేసి గాలి కొట్టండి. 'ఆ'కు మూత బిగించండి. 'ఇ'లో 1 గ్రాము బెల్లం వేసి గాలి కొట్టండి. 'ఈ'లో కూడా 1 గ్రాము బెల్లం, కానీ మూత. మూత వేసే సీసాల్లో మెడ దగ్గర అంగుళం మాత్రం ఖాళీ వదిలి, ఆ ఖాళీలో లెడ్ ఎసిటేట్ కాగితం నీళ్లకు తగలకుండా వేలాడదీయండి. మూతకు చిల్లు పెట్టి సన్న గొట్టం దూర్చి, దాని రెండో కొస గ్లాసు నీళ్లలో ముంచండి. లోపలి గ్యాస్ బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. గొట్టం పెట్టకుండా బిగించేస్తే బెల్లం సీసా ఉబ్బుతుంది, మూత ఎగిరినా ఎగరొచ్చు.

నాలుగింటినీ నల్లగుడ్డతో కప్పండి. చాలామంది ఇక్కడే తప్పుతారు. చెరువు నీళ్లలో నాచు ఉంటుంది కదా, వెలుతురు తగిలితే మూత బిగించిన సీసాలో కూడా అదే ఆక్సిజన్ తయారుచేసి పెడుతుంది. గది వేడి 28 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే సరిపోతుంది. మే నెలలో రేకుల షెడ్డులో పెట్టకండి.

మొదలుపెట్టిన గంటలోపు ఒకసారి, తర్వాత 24, 48, 72 గంటలకు సిరంజితో 10 మి.లీ. తీసి, ఫిల్టర్ పేపరులో వడకట్టి కొలవండి. పేపరును ముందు డిస్టిల్డ్ వాటరుతో ఒకసారి కడగాలి, కొన్ని పేపర్లలోనే కాస్త అమ్మోనియా ఉంటుంది. కిట్ రంగు పట్టీ దాటిపోకుండా 1 మి.లీ. నమూనాకు 19 మి.లీ. డిస్టిల్డ్ వాటరు కలిపి, వచ్చిన అంకెను 20తో హెచ్చించండి. మొదటి గంట అంకెను మిగతావాటిలోంచి తీసేయండి.

ఏం కనబడుతుంది, ఎందుకు

అ, ఆ సీసాలు చూసి చాలామంది నిరుత్సాహపడతారు. రెండింటిలోనూ అమ్మోనియా పెరుగుతుంది. గాలి కొడితే పెరగకూడదు కదా అనుకుంటే పొరపాటు. పెప్టోన్‌లో కార్బన్ తక్కువ, నత్రజని ఎక్కువ. ఆక్సిజన్ ఎంత ఉన్నా బాక్టీరియా తన ఒళ్లు కట్టుకోవడానికి కావలసిన నత్రజని ఉంచుకుని, మిగతాది అమ్మోనియాగా వదిలేస్తుంది. 'అ'లో ఒక్కోసారి అంకె తక్కువ రావచ్చు, కానీ అందులో కొంత బుడగలతో పాటు గాలిలోకి పోయినదే.

అసలు తేడా ఇ, ఈ సీసాల మధ్య చూడాలి. లెక్క ఇలా వేసుకోండి. గ్రాము బెల్లంలో చక్కెర సుమారు 0.85 గ్రాములు. గాలి అందితే గ్రాము చక్కెరకు 0.45 గ్రాముల దాకా బాక్టీరియా పెరుగుతుంది. అంటే సీసాలో 0.38 గ్రాములు. బాక్టీరియా ఎండు బరువులో 12 నుంచి 14 శాతం నత్రజని కాబట్టి ఆ పెరుగుదల 45 నుంచి 50 మిల్లీగ్రాముల నత్రజనిని తనలోకి లాక్కుంటుంది. పెప్టోన్ ఇచ్చింది సరిగ్గా అంతే. అందుకే 'ఇ'లో మొదటి రెండు రోజులు అమ్మోనియా పెద్దగా లేవదు. గాలి లేనప్పుడు అదే చక్కెర మీద పెరిగేది 0.1 గ్రాము అటూఇటూ. అది పట్టేది 12, 13 మిల్లీగ్రాములు. మిగతా నత్రజనికి వెళ్లే చోటు లేదు.

మూడో రోజు దాటాక 'ఇ'లో కూడా అమ్మోనియా లేవడం మొదలవుతుంది. చక్కెర అయిపోయి ఆకలేసిన బాక్టీరియా తన ఒంటినే కరిగించుకుంటుంది, ప్రోటోజోవా దాన్ని తింటుంది. అందుకే 72 గంటలకు ఆపేయమనడం.

పెరుగుదల అంత తక్కువగా ఎందుకుంటుంది? తిండి నుంచి శక్తి తీయాలంటే ఎలక్ట్రాన్లను ఎక్కడో ఒకచోట దించాలి. ఆక్సిజన్ ఉంటే అదే పెద్ద రేవు, ఎన్ని పడవలొచ్చినా సరుకు దిగుతుంది. అది మూతపడితే చిన్నచిన్న రేవులు వెతుక్కోవాలి: నైట్రేటు, ఇనుము, సల్ఫేటు, అవీ లేకపోతే తాను తిన్న తిండిలోంచే తయారైన పదార్థాలు. ఈ. కోలై లాంటి బాక్టీరియాలో సిట్రిక్ ఆమ్ల చక్రం (తిండిని కాల్చి శక్తి తీసే చర్యల వరస) అప్పుడు చక్రంగా తిరగడం మానేస్తుంది. రెండు కొమ్మలుగా చీలి, ఒకటి గ్లుటమేటు తయారీకి కావలసిన 2-ఆక్సోగ్లుటరేటు దగ్గర ఆగుతుంది, ఇంకోటి వెనక్కి నడిచి సక్సినేటు దగ్గర ఆగుతుంది. రెండో కొమ్మకు కావలసిన ఫ్యూమరేటును అస్పార్టేటు అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌ను కట్టే ఇటుకల్లో ఒకటి) నుంచి కూడా తీస్తుంది. దాని నత్రజనిని అమ్మోనియాగా పారేసి, మిగిలిన ఫ్యూమరేటు మీద ఎలక్ట్రాన్లు దించుతుంది. అంటే అమైనో ఆమ్లం అక్కడ తిండి కాదు, రేవు.

ఈ మార్పుకు మీట ఎఫ్‌ఎన్ఆర్ అనే ప్రోటీన్. దానిలో ఇనుము, గంధకం కలిసిన ఒక చిన్న గుత్తి ఉంటుంది. ఆక్సిజన్ తగిలితే ఆ గుత్తి చెదిరిపోయి ప్రోటీన్ పనిచేయదు. ఆక్సిజన్ లేకపోతే గుత్తి నిలిచి, గాలి లేని బతుకుకు కావలసిన జన్యువుల్ని నడుపుతుంది. రొయ్యలకు జబ్బు తెచ్చే విబ్రియో బాక్టీరియాల్లోనూ దీనికి జోడీ ఉంది. సూడోమోనాస్‌లో ఏఎన్ఆర్ అంటారు.

బురద లోపలి పొరల్లో, గాలి లేనిచోట బతికే క్లాస్ట్రిడియా అనే బాక్టీరియాలది ఇంకా ముదురు తెలివి. 1934లో కేంబ్రిడ్జిలో స్టిక్‌ల్యాండ్ కనిపెట్టిన చర్య ఇది: ఒక అమైనో ఆమ్లం ఎలక్ట్రాన్లు ఇస్తుంది, ఇంకోటి పుచ్చుకుంటుంది. ఒక అలనిన్, రెండు గ్లైసిన్లు కలిస్తే మూడు ఎసిటేట్లు, ఒక కార్బన్ డయాక్సైడ్, మూడు అమ్మోనియాలు. మూడు అమైనో ఆమ్లాల నత్రజనీ మొత్తం బయటికే. ల్యూసిన్ ఈ దారిన పోతే ఐసోవాలరిక్ ఆమ్లం వస్తుంది. 'ఆ' సీసా మూత తీయగానే చెమట పట్టిన సాక్సు వాసన కొడితే అది ఇదే. సీసా మీద ముక్కు పెట్టి పీల్చకండి, చేత్తో వాసనను మీ వైపు తోసుకోండి.

లెడ్ ఎసిటేట్ కాగితం నల్లబడితే హైడ్రోజన్ సల్ఫైడ్ వచ్చినట్టు. ఇది రెండు దారుల్లో పుడుతుంది. సిస్టీన్ అనే అమైనో ఆమ్లాన్ని బాక్టీరియా పైరువేటు, అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్‌గా విరగ్గొట్టడం ఒకటి, నీళ్లలోని సల్ఫేటును ఊపిరికి వాడుకోవడం రెండోది. మొగల్తూరు, అంతర్వేది వైపు ఉప్పునీటి చెరువుల్లో రెండోదే ఎక్కువ, సముద్రపు నీళ్ల లీటరులో 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది మరి. ఏది ఎంతో విడదీయాలంటే చెరువు నీళ్లకు బదులు డిస్టిల్డ్ వాటరు పోసి ఐదో సీసా పెట్టండి. కాగితం నల్లబడకపోతే సల్ఫైడ్ లేదనుకోకండి. గోదావరి నల్లమట్టిలో ఇనుము దాన్ని పట్టేసి ఐరన్ సల్ఫైడ్‌గా మారుస్తుంది. బురద నలుపు రంగుకు కారణం అదే. ఇనుము నిండిపోయాకే గ్యాస్ పైకొస్తుంది.

'ఈ' సీసా పీహెచ్ 48 గంటలకు 6 కిందికి దిగుతుంది. పులుపు పెరిగే కొద్దీ కొన్ని బాక్టీరియాలు ఇంకో పని మొదలుపెడతాయి. దాన్ని చూడటానికే రెండో పద్ధతి.

నూనె కింద రంగు మారే ట్యూబులు

ఇది 1955లో మోలర్ తయారుచేసిన డీకార్బాక్సిలేజ్ (అమైనో ఆమ్లం నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తెంపే ఎంజైము) పరీక్ష. విబ్రియోలను గుర్తించడానికి ల్యాబుల్లో వాడుతూనే ఉంటారు, కానీ పైన నూనె ఎందుకు పోస్తున్నామో అడిగితే "అలా పోయాలంతే" అన్న జవాబు వస్తుంది.

లీటరు నీళ్లకు పెప్టోన్ 5 గ్రాములు, బీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ 5, గ్లూకోజు 0.5, పైరిడాక్సాల్ 0.005, బ్రోమోక్రిసాల్ పర్పుల్ 0.01, క్రిసాల్ రెడ్ 0.005 గ్రాములు. పీహెచ్ 6.0. విబ్రియోలకైతే 10 గ్రాముల ఉప్పు కలపాలి. అది మరిస్తే ఉప్పు కావలసిన జాతులు పెరగనే పెరగవు, పెరగని ట్యూబును "నెగెటివ్" అని రాసేస్తారు. దీన్ని నాలుగు భాగాలు చేసి, మూడింటిలో 1 శాతం చొప్పున ఎల్-లైసిన్, ఎల్-ఆర్జినిన్, ఎల్-ఆర్నితిన్ వేయండి. నాలుగోది అమైనో ఆమ్లం లేని కంట్రోలు. ఆర్నితిన్ వేశాక పీహెచ్ మళ్లీ సరిచేయాలి. 3 మి.లీ. చొప్పున ట్యూబుల్లో పోసి 121 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు ఉంచండి. ఆటోక్లేవు లేకపోతే మంచి ప్రెషర్ కుక్కరు పనికొస్తుంది.

లిక్విడ్ పారాఫిన్‌ను ఆవిరిలో పెడితే శుద్ధి కాదు, తడి నూనెలోకి దూరదు. హాట్ ఎయిర్ ఓవెన్‌లో 160 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచాలి.

కాలనీని టీసీబీఎస్ (విబ్రియోలను ఏరే అగార్) ప్లేటు మీది నుంచి నేరుగా తీయొద్దు. అది వడపోత మీడియం, ఆకుపచ్చ కాలనీ కింద కనబడని ఇంకో జాతి బతికి ఉండొచ్చు. ముందు 1 శాతం ఉప్పు కలిపిన ట్రిప్టిక్ సోయ్ అగార్ మీద గీసి, విడిగా వచ్చిన కాలనీని కొద్దిగానే తీసి నాలుగు ట్యూబుల్లోనూ కలపండి. పైన సెంటీమీటరు మందాన నూనె పోసి 35 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు ఉంచండి, రోజూ చూడండి.

మొదటి రోజు నాలుగూ పసుపు రంగులోకి వస్తాయి. గ్లూకోజు పులిసి ఆమ్లం వచ్చిందన్నమాట. తొందరపడి ఇక్కడే రాసేస్తే అన్నీ నెగెటివే. రెండో రోజు నుంచి లైసిన్ ట్యూబును గమనించండి. పాజిటివ్ అయితే పసుపు మాసిపోయి, ముందు మురికి రంగు, తర్వాత నేరేడుపండు రంగు వస్తుంది. కంట్రోలు పసుపుగానే ఉండాలి. అదీ ఊదాగా మారితే ఆ సెట్టు మొత్తం పారేయడమే. ట్యూబులో పైన ఒక రంగు, కింద ఒక రంగు ఉంటే మెల్లగా ఆడించి అప్పుడు చదవండి. బూడిద రంగు వచ్చిందంటే గాలి లేక రంగు మందే క్షీణించిందని అర్థం. కాస్త బ్రోమోక్రిసాల్ పర్పుల్ మళ్లీ వేసి చూడాలి.

ఊదా రంగుకు కారణం ఇది. పులుపులో చిక్కుకున్న బాక్టీరియా లైసిన్ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను తెంపి, ఆ పనిలో ఒక ప్రోటాన్‌ను ఖర్చు చేసి, కడావరిన్ అనే అమీన్‌ను బయటికి తోస్తుంది. పులుపు విరుగుతుంది. ఆర్నితిన్ అయితే పుట్రెసిన్ వస్తుంది. సూడోమోనాస్, ఏరోమోనాస్‌ల్లో ఆర్జినిన్ దారి వేరు: డీమినేజ్ ఎంజైము దాన్ని సిట్రులిన్‌గా, తర్వాత ఆర్నితిన్, కార్బమాయిల్ ఫాస్ఫేటుగా విడగొడుతుంది. ఒక్కో ఆర్జినిన్‌కు ఒక ఏటీపీ (కణం వాడుకునే శక్తి మూట), రెండు అమ్మోనియాలు. ఆక్సిజన్ అందని సూడోమోనాస్‌కు అది ఊపిరి నిలిపే దారి.

నూనె లేకుండా ఇంకో సెట్టు పక్కన పెట్టి చూస్తే నూనె పని తెలుస్తుంది. గాలి తగిలిన ట్యూబు పైభాగంలో బాక్టీరియా పెప్టోన్‌నే కాల్చి అమ్మోనియా వదులుతుంది. ఆ క్షారానికి కంట్రోలు కూడా ఊదా రంగులోకి తిరిగిపోవచ్చు. అప్పుడు రంగు చూసి ఏ దారిన వచ్చిందో చెప్పలేం.

చదవడానికి గుర్తు: విబ్రియో పారాహీమోలిటికస్‌కు లైసిన్, ఆర్నితిన్ పాజిటివ్, ఆర్జినిన్ నెగెటివ్. విబ్రియో ఫ్లూవియాలిస్‌కు ఆర్జినిన్ ఒక్కటే పాజిటివ్. ఏరోమోనాస్ హైడ్రోఫిలాకు సాధారణంగా ఆర్జినిన్, లైసిన్ పాజిటివ్, ఆర్నితిన్ నెగెటివ్. ఈ మూడు ట్యూబులతోనే పేరు ఖాయం చేసి రైతుకు రిపోర్టు ఇవ్వడం మాత్రం తప్పు. పరీక్ష అయ్యాక ట్యూబులన్నీ, సీసాల్లోని బురద కూడా 121 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉడికించాకే పారేయాలి.

ఇక్కడ చిన్న సంగతి. కుళ్లిన సముద్రపు చేప కంపుకు కడావరిన్‌ను తిడతారు గానీ ఆ ప్రత్యేకమైన చేప కంపు ట్రైమిథైలమీన్‌ది, అమైనో ఆమ్లాలది కాదు. చేప కండలోని దాని ఆక్సైడును బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు వాడుకున్నప్పుడు అది మిగులుతుంది. అదీ ఒక రేవే.

చెరువులో దీన్ని వాడుకోవడం

'ఈ' సీసాను గుర్తుపెట్టుకుంటే, అమ్మోనియా దించడానికి చెరువులో పోసే మొలాసిస్ (చక్కెర మడ్డి) విషయంలో చేయి తొందరపడదు. అమ్మోనియా నత్రజని 1 గ్రాము పట్టడానికి సుమారు 20 గ్రాముల పిండిపదార్థం కావాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 1.2 మీటర్ల లోతున్న ఎకరం చెరువులో నీళ్లు సుమారు 4,850 ఘనపు మీటర్లు. లీటరుకు 1 మిల్లీగ్రాము దించాలంటే 97 కిలోల చక్కెర, అంటే దాదాపు రెండు వందల కిలోల మొలాసిస్. దానిలో సగం శ్వాసకు కాలినా 50 కిలోల ఆక్సిజన్ తింటుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఉన్నప్పుడు ఆ చెరువు మొత్తంలో ఉండేది 24 కిలోలే. కాబట్టి ఒకేసారి గుమ్మరించకుండా నాలుగైదు రోజులకు పంచి, పొద్దెక్కాక, ఏరేటర్లు తిరుగుతున్నప్పుడు మాత్రమే వేయండి. కరెంటు పోయి జనరేటరు ఇంకా అందుకోని చోట మొలాసిస్ వేయడం అంటే చెరువును 'ఈ' సీసా చేయడమే. అప్పుడు ఆపాల్సింది మేత.

డీఓ పైనీళ్లలో కొలిచి తృప్తిపడొద్దు. ప్రోబును బురదకు జానెడు పైకి దించి, తెల్లారుజామున నాలుగు, ఆరు గంటల మధ్య కొలవండి. 30 డిగ్రీల మంచినీళ్లు పూర్తిగా నిండినా పట్టేది లీటరుకు 7.5 మిల్లీగ్రాములే. అడుగున 4 తగ్గకుండా చూసుకోవాలి. అంత ఉన్నా బురదలోకి ఆక్సిజన్ దిగేది కొన్ని మిల్లీమీటర్లే. ఆ గోధుమరంగు పొర చెదరకుండా ఉండటమే ముఖ్యం, కింద పుట్టిన సల్ఫైడ్ దాన్ని దాటేలోపు అక్కడే ఆక్సీకరణం చెందుతుంది.

వేళ కూడా చూడాలి. సాయంత్రం పీహెచ్ పెరిగి అమ్మోనియా విషమవుతుంది: 30 డిగ్రీల దగ్గర పీహెచ్ 8లో దానిలో 7 శాతమే విష రూపం, 9కి చేరితే 45 శాతం. తెల్లారేసరికి పీహెచ్ దిగి హైడ్రోజన్ సల్ఫైడ్ విషమవుతుంది, 7 దగ్గర దాదాపు సగం గ్యాస్ రూపంలోకి వస్తుంది. డీఓ కూడా అప్పుడే అట్టడుగున ఉంటుంది. రొయ్యలు తెల్లవారి గట్టు చేరితే ముందు అనుమానించాల్సింది అడుగునే, అమ్మోనియా కిట్ అంకె ఎంత బాగున్నా సరే.

అమ్మోనియాను పట్టుకుంటుందని చల్లే జియోలైట్ ఉప్పునీళ్లలో దండగ. సోడియమే దాని చోట్లన్నీ ఆక్రమిస్తుంది. బాసిలస్ ప్రోబయోటిక్‌లు కూడా గాలి ఉంటేనే జోరుగా పనిచేస్తాయి, నల్లబురద మీద చల్లి అవే చూసుకుంటాయనుకోవడం డబ్బు పారేసుకోవడం. నైట్రిఫైయింగ్ బాక్టీరియాకైతే గ్రాము నత్రజనికి 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి, అది చాలకపోతే పని మధ్యలో ఆగి నైట్రైట్ పేరుకుంటుంది.

అడుగు బురదను కదిలించడానికి చెరువులో గొలుసు లాగే అలవాటున్నవాళ్లు పంట మొదటి వారాల నుంచీ, ఎండ ఉన్న వేళ, ఏరేటర్లు ఆడుతుండగా లాగుతూ ఉండాలి. మూడు నెలలు వదిలేసి, అడుగు నల్లబడ్డాక ఒక్కసారి లాగితే అంతకాలం ఇనుము కింద అణిగి ఉన్నదంతా ఆ పూటే లేస్తుంది. అప్పటికి ఆలస్యమైన చెరువులో గొలుసు గట్టు మీదే ఉంచి, మధ్య గుంట నుంచి బురదను పంపుతో లాగి బయటికి పోయించండి, రోజుకు కొంత చొప్పున.